మొబైల్ హోమ్‌లో హ్యాండిల్ తిప్పి తెరిచే కిటికీ: లోపం కనిపెట్టి బాగుచేసుకునే పద్ధతి

అమెరికాలో పాత మొబైల్ హోమ్‌లలో (ఫ్యాక్టరీలో తయారుచేసి, చక్రాల మీద తెచ్చి నిలిపే ఇళ్ళలో) ఉంటున్నవాళ్ళు, అద్దెకున్నా సొంతమైనా, తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది: "హ్యాండిల్ తిరుగుతోంది గానీ కిటికీ కదలడం లేదు. కొత్త హ్యాండిల్ కొని పెట్టినా అంతే. ఇప్పుడేం చేయాలి?"

ముందుగా చేయాల్సింది తిప్పడం ఆపేయడం. ఈ కిటికీల్లో గేరు దానంతటదే పాడయ్యేది తక్కువ. ఇంకెక్కడో బిగుసుకుపోయి ఉంటుంది, మనం బలంగా తిప్పుతాం, ఆ బలమంతా పడి గేరు పళ్ళు అరుగుతాయి. అసలు లోపాన్ని వదిలేసి గేరు ఒక్కటే మారిస్తే కొత్తదీ అదే దారి పడుతుంది. అందుకే ఇక్కడ విప్పడం కన్నా కనిపెట్టడం గురించే ఎక్కువ చెబుతున్నాను.

1. మీ కిటికీ ఏ రకం, అందులో ఏమేం ఉంటాయి

మొబైల్ హోమ్‌లలో హ్యాండిల్‌తో పనిచేసేవి ముఖ్యంగా రెండు రకాలు.

ఆనింగ్ కిటికీ: అల్యూమినియం ఫ్రేములో బిగించిన అడ్డ రెక్కలు, ఒకదాని కింద ఒకటి. ఒక్కో రెక్క పై అంచున వేలాడుతూ, కింది అంచు బయటికి లేస్తుంది. ఒకే హ్యాండిల్ అన్నిటినీ కదుపుతుంది.

జలౌసీ కిటికీ: చుట్టూ ఫ్రేము లేని సన్నని గాజు పలకలు, రెండు చివర్లా క్లిప్పుల్లో కూర్చుని ఉంటాయి. ఇవి పాత ఇళ్ళ తలుపుల్లో, వరండాల్లో ఎక్కువ.

ఈ మార్గదర్శి ఎక్కువగా ఆనింగ్ గురించే. జలౌసీ సంగతి 8వ భాగంలో ఉంది.

హ్యాండిల్ వెనక ఉండే గేరు పెట్టెను షాపుల్లో "ఆపరేటర్" అని అడగాలి. దాన్నుంచి ఒక లోహపు చేయి బయటికొస్తుంది. ఆ చేయి కింది ఫ్రేము పొడవునా ఉండే టార్క్ బార్ అనే కడ్డీని తిప్పుతుంది. బార్ రెండు చివర్లా లింకులుంటాయి, అవి రెక్కలను తోస్తాయి. మోడల్‌ను బట్టి అమరిక కొంచెం మారినా వరుస మాత్రం ఇదే: హ్యాండిల్, గేరు, చేయి, బార్, లింకులు, రెక్కలు.

లోపలుండేది వర్మ్ గేరు, అంటే మరలున్న కడ్డీ పళ్ళ చక్రాన్ని తిప్పే అమరిక. హ్యాండిల్ చాలాసార్లు తిప్పితే చేయి కొద్దిగా కదులుతుంది. గాలి ఎంత తోసినా రెక్క దానంతటది తెరుచుకోదు, ఎందుకంటే ఈ గేరు వెనక్కి తిరగదు. ఇదే గుణం వల్ల ఇంకో చిక్కు ఉంది. రెక్కను బయటి నుంచి చేత్తో నొక్కి మూయాలని చూస్తే ఆ ఒత్తిడి నేరుగా గేరు పళ్ళ మీద పడుతుంది. కాబట్టి చేయి బార్‌కు తగిలించి ఉండగా రెక్కలను చేత్తో తోయకండి.

2. మొదలుపెట్టే ముందు

అద్దెకున్నవాళ్ళు ఏదీ విప్పకముందే ఇంటి యజమానికి చెప్పి, వీలైతే మెసేజ్ రూపంలో అనుమతి తీసుకోండి.

గాలి, వాన లేని రోజు చూసుకోండి. పాత కిటికీల అద్దం పగిలితే పెద్ద పెద్ద పదునైన ముక్కలవుతుంది. విప్పేముందు అద్దం మీద అడ్డంగా, నిలువుగా మాస్కింగ్ టేపు అంటిస్తే, పగిలినా ముక్కలు చెల్లాచెదురు కావు.

1978కి ముందు కట్టిన ఇంట్లో కిటికీ చుట్టూ పాత రంగు ఉంటే దాన్ని పొడిగా గరుకు కాగితంతో రుద్దకండి. అందులో సీసం ఉండే అవకాశం ఉంది. ఆ ధూళి పసిపిల్లలకు చాలా హాని చేస్తుంది.

దగ్గర ఉంచుకోవాల్సినవి:

- మందపాటి చేతి తొడుగులు, కళ్ళకు రక్షణ అద్దాలు
- ప్లస్, మైనస్ స్క్రూడ్రైవర్లు, చిన్న అలెన్ కీల సెట్టు
- ముక్కు కటింగ్ ప్లయర్, వైస్ గ్రిప్ (పట్టుకున్నాక లాక్ అయ్యే) ప్లయర్
- డిజిటల్ కాలిపర్, లేకపోతే సన్నని గీతలున్న స్కేలు
- తుప్పు వదిలించే పెనెట్రేటింగ్ ఆయిల్, సిలికోన్ స్ప్రే, తెల్ల లిథియం గ్రీజు
- పాత టూత్ బ్రష్, పాత గుడ్డలు, సబ్బు నీళ్ళు
- మాస్కింగ్ టేపు, పెన్సిలు, విప్పిన స్క్రూలు వేసుకోడానికి గిన్నె
- ఫోను: ప్రతి భాగాన్నీ విప్పకముందు ఒక ఫొటో

ఫొటోలు తప్పనిసరి. లింకు క్లిప్పు ఏ వైపు తిరిగి ఉందో సాయంత్రానికి ఎవరికీ గుర్తుండదు.

3. లోపం ఎక్కడుందో కనిపెట్టడం

తొందరపడి దాటేయకండి. కింది పరీక్షలు ఇదే వరుసలో చేస్తే ఏ భాగం కొనాలో, అసలు కొనాలో వద్దో తేలిపోతుంది.

మొదటి పరీక్ష: హ్యాండిల్. దాని పక్కనుండే చిన్న స్క్రూ వదులు చేసి హ్యాండిల్ లాగేయండి. గేరు నుంచి వచ్చే షాఫ్ట్ చుట్టూ సన్నని నిలువు గాట్లు ఉంటాయి. షాఫ్ట్‌కు గుడ్డ చుట్టి, వైస్ గ్రిప్‌తో పట్టుకుని మెల్లగా తిప్పండి. కిటికీ మామూలుగా కదిలితే హ్యాండిల్ లోపలి గాట్లు అరిగాయన్నమాట. 4వ భాగం చదివి పని ముగించుకోవచ్చు.

రెండో పరీక్ష: గేరు. షాఫ్ట్ తిరుగుతున్నా చేయి కదలకపోయినా, కొంత కదిలి టక్కుమని వెనక్కి జారినా గేరు పళ్ళు పోయినట్టే.

మూడో పరీక్ష: అన్నిటికన్నా ముఖ్యమైనది. చేయి టార్క్ బార్‌కు తగిలే చోట క్లిప్పో, పిన్నో, చిన్న స్క్రూవో ఉంటుంది. అది తీసేసి గేరును కిటికీ నుంచి వేరు చేయండి. వేరు చేసేముందు రెక్కలను ఎవరైనా పట్టుకోవాలి, లేదా టేపుతో ఆపాలి. లేకపోతే ఒక్కసారిగా కిందికి పడతాయి. ఇప్పుడు రెండు పనులు చేయండి:

- ఖాళీ గేరును హ్యాండిల్‌తో మొదటి నుంచి చివరిదాకా తిప్పండి.
- రెక్కలను చేత్తో తెరిచి మూయండి. ఇప్పుడు గేరు తగిలి లేదు కాబట్టి ఇబ్బంది లేదు.

గేరు బిగుతుగా, గరగరమంటూ తిరిగితే తప్పు గేరుది. గేరు తేలిగ్గా తిరిగి రెక్కలు బరువుగా కదిలితే తప్పు లింకులదీ కీళ్ళదీ. గేరు పాడైన కిటికీల్లో చాలావాటికి రెండూ ఉంటాయి. అప్పుడు రెక్కలు తేలిగ్గా కదిలేదాకా బాగుచేసి, ఆ తర్వాతే కొత్త గేరు పెట్టాలి.

నాలుగో పరీక్ష: మూలలు. కిటికీ మూసినప్పుడు హ్యాండిల్ వైపు మూల సరిగ్గా కూర్చుని, రెండో మూల తెరుచుకుని ఉంటే బార్ మెలిపడి ఉండాలి, లేదా ఆ చివర లింకు ఊడి ఉండాలి.

ఐదో పరీక్ష: కాగితం. కిటికీ మూసేటప్పుడు రెక్క అంచున ఒక కాగితం ముక్క పెట్టండి. మూశాక లాగితే కొంచెం పట్టు తగలాలి. ఏ చోట సులభంగా జారి వచ్చేస్తుందో అక్కడ రబ్బరు అంచు పోయింది.

4. హ్యాండిల్ మార్చడం

షాఫ్ట్ వ్యాసాన్ని కాలిపర్‌తో కొలవండి. ఎక్కువగా కనబడేవి 5/16 అంగుళం, 3/8 అంగుళం. రెంటి మధ్య తేడా 1/16 అంగుళమే, కంటి అంచనాతో కొంటే తప్పు పోతుంది. పాత హ్యాండిల్ వెంట తీసుకెళ్ళడం ఇంకా మంచిది.

పెట్టేముందు షాఫ్ట్ గాట్లలోని మురికిని బ్రష్‌తో వదిలించండి. హ్యాండిల్‌ను చివరిదాకా తోసి, తర్వాత స్క్రూ బిగించండి. సగమే లోపలికి వెళ్ళిన హ్యాండిల్ కొన్ని నెలల్లో మళ్ళీ అరుగుతుంది.

బ్లైండ్స్‌కో కర్టెన్‌కో తగులుతుంటే పొడవు చేయి లేని, సీతాకోక ఆకారపు పొట్టి హ్యాండిల్ దొరుకుతుంది.

అరిగిన హ్యాండిల్‌ను ఎపాక్సీ జిగురుతో అంటించొద్దు. పట్టు కొన్నాళ్ళుంటుంది. కానీ తర్వాత గేరు పెట్టె తీయాల్సి వస్తే హ్యాండిల్ అడ్డుపడి కోయాల్సి వస్తుంది.

5. గేరు పెట్టె బాగుచేయడం, మార్చడం

పళ్ళు బాగుండి మురికి వల్ల మాత్రమే బిగుసుకుంటే కొత్తది అక్కర్లేదు. విప్పి, పాత జిగట గ్రీజును బ్రష్‌తో కడిగేసి, ఆరనిచ్చి, పళ్ళకు కొంచెం లిథియం గ్రీజు పూసి పదిసార్లు అటూ ఇటూ తిప్పండి. మామూలు డబ్ల్యూడీ-40 బిగుసుకున్నదాన్ని వదిలించడానికి పనికొస్తుంది గానీ ఎక్కువకాలం నిలిచే కందెన కాదు. దాని తర్వాత గ్రీజు పెట్టాల్సిందే.

పళ్ళు అరిగితే మాత్రం మార్చడమే. వరుస ఇది:

(1) లోపలి దోమతెర తీయండి. చలికాలానికి లోపల అదనపు అద్దం బిగించి ఉంటే అదీ తీయండి. పక్కన నిలబెట్టకుండా మంచం మీద పడుకోబెట్టండి.

(2) కదిలినంత మేరకు కిటికీని సగం తెరవండి. చేయి, బార్ కలిసే చోటు అప్పుడే చేతికి అందుతుంది.

(3) గేరు పెట్టె చుట్టూ ఫ్రేము మీద పెన్సిలుతో గీయండి. ఫొటో తీయండి.

(4) గేరు చేయిని బార్ నుంచి వేరు చేయండి. పిన్ను బదులు రివెట్ ఉంటే దాని తలను డ్రిల్లుతో తొలచాలి. తిరిగి పెట్టేటప్పుడు చిన్న స్టెయిన్‌లెస్ బోల్టు, నైలాన్ లాక్ నట్టు వాడండి. నట్టు పూర్తిగా బిగించకండి, ఆ కీలు తేలిగ్గా తిరగాలి.

(5) గేరు పెట్టెను పట్టుకున్న స్క్రూలు విప్పండి. ఇనుప స్క్రూ, అల్యూమినియం ఫ్రేము ఏళ్ళ తరబడి తడిలో కలిసి ఉంటే ఒకదాన్నొకటి కరిచిపట్టుకుంటాయి. పెనెట్రేటింగ్ ఆయిల్ వేసి, స్క్రూడ్రైవర్ వెనక చిన్న సుత్తితో రెండు దెబ్బలు వేసి, అరగంట ఆగి ప్రయత్నించండి. డ్రిల్లు మెషీన్‌తో మొదలుపెడితే స్క్రూ తల గుండ్రమైపోతుంది.

(6) పాత పెట్టెను బల్ల మీద పెట్టి ఇవి రాసుకోండి:

- ఎడమదా, కుడిదా (ఇంటి లోపల నిలబడి చూసినప్పుడు)
- స్క్రూ రంధ్రాల మధ్య దూరం, ఒకదాని నడిమి నుంచి ఇంకోదాని నడిమికి
- షాఫ్ట్ వ్యాసం, పొడవు
- చేయి పొడవు, అది ఎటు వంగి ఉందో
- పెట్టె లోహం మీద అచ్చు వేసిన నంబరు, పేరు ఏదైనా ఉంటే

పెద్ద హార్డ్‌వేర్ షాపుల్లో ఇవి అన్నీ దొరకవు. మొబైల్ హోమ్ విడిభాగాలు అమ్మే దుకాణాల్లో, ఆన్‌లైన్‌లో వెతకండి. చూడడానికి ఒకేలా ఉండి ఎడమ కుడి మారిన గేరు కొనేయడం చాలామందికి జరిగే పొరపాటు.

(7) కొత్తదాన్ని బిగించకముందే చేతిలో పట్టుకుని రెండు కొసలదాకా తిప్పి చూడండి. పాతదాని చేయి ఎంత కోణం తిరిగేదో ఇదీ అంతే తిరగాలి.

(8) స్క్రూలు వదులుగా పెట్టి, గేరు చేయిని బార్‌కు తగిలించి, కిటికీని మెల్లగా పూర్తిగా మూయండి. పెట్టె తన చోటు తానే సర్దుకుంటుంది. అప్పుడు స్క్రూలు బిగించండి. ముందే బిగిస్తే చేయి పక్కకు లాగుతూ, మొదటి రోజు నుంచే గేరు ఒక వైపు అరగడం మొదలవుతుంది.

స్క్రూ రంధ్రం పెద్దదై పట్టు లేకపోతే ఒక సైజు లావు స్క్రూ వాడండి. పొడవు మాత్రం పెంచకండి. వెనకున్న రెక్కకో అద్దానికో తగలవచ్చు.

6. రెక్కలు, లింకులు, మూలలు

గేరు వేరుగా ఉండగానే ఈ పని చేయాలి. రెక్కల కీళ్ళను, పక్క ఫ్రేములో లింకులు కదిలే దారిని సబ్బు నీళ్ళతో, బ్రష్‌తో కడగండి. అల్యూమినియం మీద తెల్లటి పొడిలా పేరుకున్నదాన్ని గిన్నెలు తోమే నైలాన్ పీచుతో రుద్దితే పోతుంది. పూర్తిగా ఆరాక సిలికోన్ స్ప్రే కొట్టండి. బయటికి కనబడే కీళ్ళకు గ్రీజు వద్దు, దుమ్ము పట్టి బంకలా తయారవుతుంది.

ఒక్కో రెక్కనూ విడిగా కదిపి చూడండి. ఏది బిగుతుగా ఉందో దాని లింకులు గమనించండి. కొంచెం వంగిన లింకును సరిచేయాలనిపిస్తుంది గానీ, పాత అల్యూమినియం ఒకసారి వంగి మళ్ళీ వంచితే చీలుతుంది. మార్చడమే మేలు.

ఒక మూల మూసుకోకపోతే:

- అవతలి చివర క్లిప్పు ఊడిందేమో ముందు చూడండి. తరచూ దొరికేది ఇదే.
- రెక్క ఫ్రేము మూల విడిపోయిందేమో చూడండి. మూలలోని స్క్రూ బిగిస్తే రెక్క మూల మళ్ళీ లంబకోణంలోకి వస్తుంది.
- చేయి లేదా లింకు దగ్గర పొడవాటి రంధ్రంలో సర్దుబాటు స్క్రూ ఉంటే, అది వదులు చేసి, రెక్కలన్నీ చేత్తో మూసి, బయట టేపుతో ఆపి, తర్వాత స్క్రూ బిగించండి.
- బార్ మెలిపడి ఉంటే బార్ మార్చాలి.

అన్నీ అయ్యాక రెక్కలన్నీ కలిపి ఒక చేత్తో, బలం పెట్టకుండా కదలాలి. అలా కదలకపోతే గేరు తగిలించకండి.

7. రబ్బరు అంచు, నీటి కారుడు

గాలి లోపలికొస్తోందని హ్యాండిల్‌ను ఇంకో సగం చుట్టు బిగించే అలవాటు చాలా ఇళ్ళలో ఉంది. గేరును చంపేది ఆ సగం చుట్టే. గాలి ఆపాల్సింది రబ్బరు అంచు.

పాతదాన్ని ఒక అంగుళం ముక్క కోసి, అడ్డుకోత ఆకారం సరిపోయే రబ్బరు కొనండి. గాడిని శుభ్రం చేసి, మూల దగ్గర మొదలుపెట్టి తోసుకుంటూ వెళ్ళండి. సాగదీసి పెట్టొద్దు. సాగిన రబ్బరు కొన్నాళ్ళకు వెనక్కి ముడుచుకుని మూలల్లో ఖాళీ మిగులుతుంది. చివర పావు అంగుళం ఎక్కువే ఉంచి నొక్కండి.

నీళ్ళు రెక్క దగ్గర కాకుండా ఫ్రేము చుట్టూ గోడలోకి దిగుతుంటే అది వేరే పని. మొబైల్ హోమ్ కిటికీలు చాలావరకు బయటి గోడ మీద అంచుతో ఆనించి, వెనక బ్యూటైల్ టేపు (నీళ్ళు ఆపే జిగట రబ్బరు పట్టీ) పెట్టి, చుట్టూ స్క్రూలు బిగించి ఉంటాయి. ఆ టేపు ఎండి పగిలితే నీళ్ళు దిగుతాయి. పైన సిలికోన్ పూస్తే లోపలికి వెళ్ళిన నీరు బయటికి రాలేక చెక్కను కుళ్ళబెడుతుంది.

సరైన పద్ధతి: లోపల ఒకరు కిటికీని పట్టుకుని ఉండగా స్క్రూలు తీసి, కిటికీ బయటికి తీసి, పాత టేపును ప్లాస్టిక్ గరిటెతో గీకి, అంచు వెనక కొత్త బ్యూటైల్ టేపు పెట్టి తిరిగి బిగించాలి. స్క్రూలు నడిమి నుంచి మూలలకు, ఒకటి అటు ఒకటి ఇటు. తీసినప్పుడే చెక్కను స్క్రూడ్రైవర్ మొనతో గుచ్చి చూడండి. మెత్తగా దిగితే ఆ ముక్క మార్చకుండా కిటికీ పెట్టకండి.

ఫ్రేము అడుగున చిన్న రంధ్రాలుంటాయి. అవి నీళ్ళు బయటికి పోయే దారులు, వాటిని మూయకండి. పరీక్షకు పైపుతో నీళ్ళు కింది నుంచి పైకి మెల్లగా పోస్తూ వెళ్ళండి. ఎక్కడ పోసినప్పుడు లోపల చెమ్మ కనబడుతుందో లోపం అక్కడ.

8. జలౌసీ పలకలు

ఇక్కడ సాధారణంగా పోయేవి క్లిప్పులు. అన్ని పలకలూ తెరిచి, క్లిప్పు నాలుకను ప్లయర్‌తో కాస్త మాత్రమే ఎత్తి, పలకను పక్కకు జార్చండి. నాలుక అల్యూమినియం కాబట్టి ఎక్కువసార్లు వంచితే విరుగుతుంది. కొత్త పలక కోయించేటప్పుడు పాతదాని పొడవు, వెడల్పు, మందం మూడూ ఇచ్చి, పొడవాటి అంచులు నున్నగా అరగదీయించమని చెప్పండి. మందం తేడా వస్తే క్లిప్పులో ఆగదు.

9. తగిలించాక చూడాల్సినవి

- పూర్తిగా తెరిచి మూయడం రెండు వేళ్ళ బలంతో అవుతోందా
- మూసినప్పుడు అన్ని మూలలూ ఒకేసారి కూర్చుంటున్నాయా
- కాగితం ముక్క అన్ని వైపులా పట్టుకుంటోందా
- దోమతెర పెట్టాక హ్యాండిల్ దానికి తగలకుండా తిరుగుతోందా
- రెక్కలు ఆనగానే హ్యాండిల్ ఆపుతున్నారా (ఇంట్లో అందరికీ చెప్పండి, పిల్లలకు ముఖ్యంగా)

చలి ప్రాంతాల్లో మంచు పట్టిన రోజు ఈ కిటికీని తిప్పకండి. రెక్క అంచున గడ్డకట్టిన నీరు పట్టుకుని ఉంటుంది, గేరు ఓడిపోతుంది. తప్పనిసరైతే హెయిర్ డ్రయ్యర్‌ను తక్కువ వేడిలో ఫ్రేము మీద తిప్పండి. చల్లటి అద్దం మీదికి నేరుగా వేడి పెడితే పగలవచ్చు.

10. మొత్తం కిటికీ మార్చాల్సింది ఎప్పుడు

బార్ మెలిపడి, లింకులు విరిగి, ఆ మోడల్ భాగాలు ఎక్కడా దొరకనప్పుడు ఇక కుస్తీ పట్టొద్దు. మామూలు ఇళ్ళ కిటికీ కొలతలు, బిగించే తీరు వేరు. అందుకే మొబైల్ హోమ్ కిటికీ అని అడిగి కొనండి. కొలవాల్సింది గోడలోని ఖాళీని, బయటి అంచును కాదు. వెడల్పు, ఎత్తు మూడేసి చోట్ల కొలిచి, వచ్చిన చిన్న అంకె ఇవ్వండి.

పడక గదిలో ఇంకో నియమం ఉంది. 1976 జూన్ 15 నుంచి తయారైన మొబైల్ హోమ్‌లకు హడ్ (అమెరికా గృహ, పట్టణాభివృద్ధి శాఖ) ప్రమాణాలు వర్తిస్తాయి. వాటి ప్రకారం పడక గదికి బయటికి వెళ్ళే తలుపైనా ఉండాలి, నిప్పు అంటుకుంటే బయటపడగల కిటికీ అయినా ఉండాలి. ఆ కిటికీ తెరిస్తే ఏ వైపు చూసినా కనీసం 22 అంగుళాల ఖాళీ, మొత్తం 5 చదరపు అడుగుల ఖాళీ రావాలి. తెరుచుకునే భాగం అడుగు నేల నుంచి 36 అంగుళాలకు మించి ఎత్తులో ఉండకూడదు. ఆ గదిలో కిటికీ మారిస్తే ఈ కొలతలకు తగ్గకుండా చూసుకోండి.

పాడైన కిటికీని "చలికాలం గడిచేదాకా" అని స్క్రూలతో బిగించేయడం, హ్యాండిల్ తీసి డ్రాయర్‌లో పడేయడం చాలా ఇళ్ళలో జరుగుతుంది. మిగతా గదుల్లో అది అసౌకర్యం. పడక గదిలో ప్రాణాపాయం. భాగాలు వచ్చేదాకా ఆగాల్సి వస్తే అక్కడ పడుకునేవాళ్ళను వేరే గదికి మార్చండి, పొగ అలారం బ్యాటరీ ఆ రోజే పరీక్షించండి.